బల్ల కింద పచ్చ దీపం

తూనీగ గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని ఫ్యాను రెక్కలకు బ్రష్షు కొడుతోంది. పైకప్పుకు వేలాడే ఫ్యాను కాదు, కంప్యూటరు పెట్టెలో ఉండే అరచేతంత ఫ్యాను. ఒక్కో రెక్క మీదా దుమ్ము అట్టకట్టి ఉంది. బ్రష్షుతో ఇటు తోస్తే అటు ఎగురుతోంది. అటు తోస్తే నేరుగా ముక్కులోకి వస్తోంది.

ఇది ఆమె రోజూ చేసే పని. నాన్న కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఇంటికి తెచ్చిన పెట్టెల్లో దుమ్ము దులపడం తూనీగ వంతు. ఆ బ్రష్షు ఒకప్పుడు గోడలకు రంగులు వేసేది. ఇప్పుడు కుచ్చు సగం ఊడి, మెత్తబడి, దుమ్ము దులపడానికి సరిగ్గా సరిపోయింది.

తూనీగ ఆమె అసలు పేరు కాదు. ఒకచోట కుదురుగా నిలవదని ఇంట్లో పెట్టిన ముద్దుపేరు. ఆ పేరు ఎలా పాకిందో పాకింది, స్కూల్లో టీచరు కూడా హాజరు పిలిచేటప్పుడు ఒక్కోసారి నోరుజారి అదే పిలుస్తుంది.

ఆ రోజు సెలవు. నాన్న పక్క ఊళ్లో ఒక ఆఫీసులో కంప్యూటర్లు అమర్చడానికి పొద్దున్నే వెళ్లాడు. మళ్లీ మర్నాడు గాని రాడు. లోపల అమ్మ కుట్టుమిషను టకటకమంటోంది.

పై అంతస్తు నుంచి ఒక్కో మెట్టే పట్టుకుని మాస్టారు తాతయ్య దిగివచ్చారు. ఆయన వయొలిన్ నేర్పుతారు. మోకాళ్ల నొప్పులు. చేతివేళ్లకు మాత్రం ఏ నొప్పీ లేదు.

"నాన్న ఉన్నాడా తల్లీ?" అన్నారు.

లేడని తెలిశాక ఆయన ముఖం చిన్నబోయింది. మెట్టు మీద తూనీగ పక్కనే కూర్చుని సంగతి చెప్పారు. ఆయన శిష్యుల్లో చాలామంది ఇంటికే వస్తారు. ఒక్క పిల్లకు మాత్రం రావడానికి వీల్లేదు. వాళ్ల నాన్నకు బదిలీ అయి దూరంగా వెళ్లిపోయారు. పాఠం మానడానికి ఆ పిల్ల ఒప్పుకోలేదు. అందుకని రోజూ సాయంత్రం కంప్యూటర్లో కనిపిస్తుంది, కంప్యూటర్లోనే నేర్చుకుంటుంది. ముందు పళ్లు రెండూ ఊడాయి కాబట్టి తాతయ్య భార్య మామ్మ ఆమెకు బోసినవ్వు అని పేరు పెట్టింది.

ఇప్పుడా కంప్యూటరు బద్ధకం నేర్చిందట. మీట నొక్కి ఈయన స్నానం చేసి వచ్చినా తెరుచుకోదట. నిన్న సాయంత్రం పాఠం మధ్యలో బొమ్మ ఆగాగి వచ్చింది. ఒకసారైతే బోసినవ్వు వయొలిన్ కమాను గాల్లో ఎత్తి అట్లాగే నిలిచిపోయింది. చేప కోసం కాచుకున్న కొంగలా ఉందని మామ్మ ఒకటే నవ్వు.

"నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ రేపు ఆ పిల్ల మొదటిసారి స్కూల్లో స్టేజీ ఎక్కుతోంది. పాటలో ఒకచోట దాని మణికట్టు బిగుసుకుపోతుంది. ఈ సాయంత్రం ఇంకోసారి చూసి సరిచేస్తానని మాటిచ్చాను."

ఫోనులో వినకూడదా అని తూనీగ అడిగింది. ఫోనులో పాట వినిపిస్తుంది గాని మణికట్టు కనిపించదు కదా అన్నారాయన. ఆయనది మీటలు నొక్కే పాత ఫోను. అమ్మ ఫోనులో బొమ్మ వస్తుంది, కానీ అంత చిన్న తెరలో ఆయన కళ్లకు వేళ్లు కాదు గదా, వయొలినే ఆనదు.

తూనీగ బ్రష్షు పక్కన పెట్టింది.

"నేను చేస్తాను తాతయ్యా. సిస్టమ్ కొత్తగా వేస్తే చాలు, పరుగెడుతుంది."

సిస్టమ్ అంటే కంప్యూటరుకు లేవడం, వినడం, చూపించడం అన్నీ నేర్పే పాఠాల మూట. అది పాతబడి చిక్కులు పడినప్పుడు నాన్న మొత్తం తీసేసి కొత్తది వేస్తాడు. తూనీగ ఎన్నోసార్లు పక్కన కూర్చుని చూసింది. ఒకసారి నాన్న చేతులు కట్టుకుని కూర్చుంటే మీటలన్నీ తనే నొక్కింది.

మిషను ఆగింది. ముందు నాన్నకు ఒక్క ఫోను చెయ్యవే అంది అమ్మ లోపల్నుంచి. నాన్న పనిలో ఉంటాడు, ఇంత చిన్నదానికి విసిగించడం ఎందుకని తూనీగ అంది. నాన్న డబ్బాలో ఎర్రదారం కట్టిన పెన్‌డ్రైవు తీసుకుంది. సిస్టమ్ ఉండేది అందులోనే. దాని పక్కన నీలం దారం కట్టింది ఇంకొకటి ఉంది. సిస్టమ్ వేసే పనికి బయల్దేరేటప్పుడు నాన్న రెండూ జేబులో వేసుకుంటాడు; ఇవాళ అమర్చేవి కొత్త కంప్యూటర్లు కాబట్టి ఇంట్లోనే వదిలి వెళ్లాడు. నీలందాంట్లో ఏముంటుందో తూనీగ ఎప్పుడూ అడగలేదు. దాన్ని డబ్బాలోనే వదిలి మెట్లెక్కింది.

మాస్టారు ఇంట్లో కంప్యూటరు కిటికీ పక్కన బల్ల మీద ఉంది. పెట్టె మాత్రం బల్ల కింద. దాని వెనక నుంచి ఒక వైరు గోడ వెంబడి పాక్కుంటూ గుమ్మం దగ్గరున్న నెట్ డబ్బాకు వెళ్తుంది.

తూనీగ నాన్నలాగే చేతులు రుద్దుకుని కూర్చుంది. మాస్టారు దాచుకున్న పాటలన్నీ ముందు ఇంకో చోటికి కాపీ చేసింది. తర్వాత పాత సిస్టమ్ తీసేసి కొత్తది వేసింది. తెర మీద గీత నిండుతూ పోతుంటే మాస్టారు, మామ్మ చెరో పక్కన నిలబడి పాలు పొంగుతాయేమో అన్నట్టు చూశారు.

మధ్యాహ్నానికి అయిపోయింది. మీట నొక్కిందే తడవు కంప్యూటరు తెరుచుకుంది.

"అబ్బ, ఈయనకంటే ముందే లేచిందే" అంది మామ్మ.

మాస్టారు సంతోషంతో తూనీగ తల నిమిరారు. తూనీగ నెట్ తెరవబోయింది. తెరుచుకోలేదు. మళ్లీ నొక్కింది. తెర మూల చిన్న గుర్తు ఒకటి ఉంది. దాని మీద కొట్టేసినట్టు అడ్డగీత. నెట్ లేదు.

తూనీగకు చెవులు వేడెక్కాయి. ఇద్దరూ ఆమె ముఖమే చూస్తున్నారు. ఇలాంటప్పుడు నాన్న ఏం చేస్తాడు? ఎవరి కంప్యూటరు చెడినా మొదట ఒకటే ప్రశ్న అడుగుతాడు. తూనీగ గొంతు సవరించుకుని ఆ ప్రశ్నే అడిగింది.

"చివరగా ఏం చేశారు తాతయ్యా దీన్ని?"

మాస్టారు కంగారుపడ్డారు. "నేనా? నేనేం చేశానమ్మా... నిన్న పొద్దున బల్ల కింద ఊడ్చాను. అంతే."

"అదీ సంగతి" అంది తూనీగ. "చీపురో కాలో తగిలి వైరు దెబ్బతిని ఉంటుంది."

మామ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నేను చెప్పలా? మీ కాళ్లు ఊరికే ఉండవని చెప్పలా? వయొలిన్ వాయించేది చేతులైతే తాళం వేసేది కాళ్లు. బల్ల కింద కూడా వేశారన్నమాట."

మాస్టారు మోకాళ్ల మీద చేతులు ఆనించి, అబ్బా అంటూ నేల మీద కూర్చుని, బల్ల కిందికి వంగారు. తూనీగ కూడా దూరింది. పెట్టె వెనక వైరు ఊడదీసి మళ్లీ గుచ్చింది. అది గుచ్చిన చోట ఆవగింజంత పచ్చ దీపం వెలిగింది.

ఆ దీపం సంగతి తూనీగకు తెలుసు. నాన్న చెప్పాడు. అది వెలిగితే వైరు బాగున్నట్టే.

"ఏమంటావు తల్లీ? నేనే పాడుచేశానా?" మాస్టారు మెల్లగా అడిగారు. పెట్టె అడ్డుండి ఆయనకు ఆ పచ్చ దీపం కనబడలేదు.

తూనీగ దీపం వైపు చూసింది. ఆయన వైపు చూసింది.

"వైరు లోపల ఎక్కడో తెగి ఉంటుంది తాతయ్యా" అంది.

బల్ల కింద నుంచి లేవడానికి ఆయనకు మామ్మ చెయ్యి కావలసివచ్చింది. లేచి గొడుగు తీసుకున్నారు. ఎండలో వీధి చివరిదాకా నడిచి కొత్త వైరు కొనుక్కొచ్చారు. చెమటలు తుడుచుకుంటూ దాన్ని తూనీగ చేతికిచ్చారు. తూనీగ గుచ్చింది. పచ్చ దీపం మళ్లీ వెలిగింది. తెర మూల అడ్డగీత మాత్రం కదల్లేదు.

"ఇప్పుడే వస్తాను" అని తూనీగ ఒక్క పరుగున కిందికి వచ్చింది.

అమ్మ మిషను ఆపింది. ఆ ముఖం చూసి తన ఫోను అందించి, మళ్లీ మిషను తొక్కసాగింది.

నాన్న ఫోను ఎత్తాడు. మాస్టారి కంప్యూటర్లో నెట్ రావడం లేదని తూనీగ చెప్పింది. నాన్న నింపాదిగా తన ప్రశ్న అడిగాడు.

"చివరగా ఏం మార్చారు?"

తాతయ్య ఊడ్చారు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. తాతయ్య ఊడ్చింది నిన్న పొద్దున. నిన్న సాయంత్రం బొమ్మ ఆగాగి వచ్చినా పాఠం జరిగింది. కొంగలా నిలబడ్డా బోసినవ్వు కనిపించింది. మరి వైరు తెగితే ఆమె ఎలా వచ్చింది?

"ఉన్నావా తల్లీ?" అన్నాడు నాన్న.

"చివరగా... నేనే సిస్టమ్ కొత్తగా వేశాను నాన్నా."

 తూనీగ కళ్లు మూసుకుంది.

"మాస్టారి పాటలు దాచావా?"

"ముందే దాచాను."

"అది మంచి పని చేశావు. నీలం దారందాన్ని తీసుకెళ్లావా?"

లేదని ఆమె చెప్పకముందే ఆయనకు అర్థమైపోయింది. తిట్టలేదు. నిదానంగా విడమరిచి చెప్పాడు. పెట్టెలో నెట్ కోసం ఒక కార్డు ఉంటుంది. అది కంప్యూటరుకు చెవిలాంటిది. చెవి ఉంటే సరిపోదు, చెవిలో పడ్డ భాష తెలియాలి. ఆ భాష నేర్పేది డ్రైవరు. కొత్త సిస్టమ్‌కు చాలా భాషలు వచ్చు గాని అన్నీ రావు. పాత సిస్టమ్‌తో పాటు ఆ డ్రైవరూ పోయింది.

"మరి నెట్‌లోంచి దించుకుంటే?"

"నెట్ రావాలంటే డ్రైవరు కావాలి. డ్రైవరు దించాలంటే నెట్ కావాలి."

తూనీగ ఆలోచించింది. "ఇంటి తాళంచెవి లోపలే పెట్టి తలుపు వేసుకున్నట్టా?"

"అచ్చం అంతే. అందుకే నేను నీలందాన్ని ముందే బయట పెట్టుకుంటాను. అన్ని రకాల కార్డుల డ్రైవర్లూ దాంట్లో ఉన్నాయి. పట్టుకెళ్లు, నేను ఫోను దగ్గరే ఉంటాను."

తూనీగ రెండేసి మెట్లు ఎక్కింది. నీలందాన్ని గుచ్చి తెరిస్తే లోపల ఒకదాని కింద ఒకటి బోలెడు పేర్లు. కంప్యూటరు పెట్టె ముందు ఏ పేరుందో చూసి అదే పేరున్నదాన్ని నొక్కింది. ఇది నాకు సరిపోదంది కంప్యూటరు. ఇంకోసారి నొక్కినా అదే మాట.

కిటికీలో ఎండ పసుపు నుంచి నారింజకు తిరుగుతోంది. మామ్మ తలుపు దగ్గరకు, గడియారం దగ్గరకు మార్చిమార్చి తిరుగుతోంది. మాస్టారు వయొలిన్ తీసి శ్రుతి చేసుకుంటున్నారు. పాఠం జరుగుతుందో లేదో తెలియకపోయినా చేసుకుంటున్నారు.

"పెట్టె మీదుండే పేరు పెట్టె చేసినవాళ్లది" అన్నాడు నాన్న ఫోనులో. "లోపలి కార్డు ఇంకెవరో చేసి ఉంటారు. ఊహించకు. దాన్నే అడుగు, తన పేరు తనే చెబుతుంది."

డివైస్ మేనేజర్ అనే చోట తెరవమన్నాడు. కంప్యూటర్లోని వస్తువులన్నీ అక్కడ వరసగా కనిపించాయి. ఒకదాని పక్కన మాత్రం పసుపు రంగు గుర్తు. దాన్ని తెరిచి వివరాలు అడిగితే అక్షరాలు, అంకెలు కలిసిన పొడవాటి వరస వచ్చింది. తూనీగ తడబడుతుంటే మాస్టారు కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగారు. ఒక్కో అక్షరమూ ఆపి ఆపి, శిష్యులకు స్వరం చెప్పినట్టు చదివారు. ఇదేం రాగమండీ అంది మామ్మ. అవతల నాన్న నవ్వాడు. నవ్వుతూనే ఆ వరసను బట్టి కార్డు ఏదో చెప్పాడు.

తూనీగ ఈసారి తొందరపడలేదు. పేరు మళ్లీ అడిగి, సరిచూసుకుని, అప్పుడు నొక్కింది. గీత నిండింది. పసుపు గుర్తు పోయింది. తెర మూల అడ్డగీత కూడా పోయింది.

అంతలోనే కంప్యూటరు మోగింది. తెర నిండా బోసినవ్వు.

"మాస్టారూ, ఈ రోజు మీరు అస్సలు ఆగిపోవడం లేదు" అంది ఆ పిల్ల.

పాఠం మొదలైంది. తూనీగ వెళ్లిపోకుండా తలుపు పక్కన నిలబడింది. బొమ్మ నీళ్లలా సాఫీగా వస్తోంది. మాస్టారే సాఫీగా లేరు. కుర్చీలో పక్కకు తిరిగి, రెండు కాళ్లూ కుర్చీ కర్ర మీదకు ముడుచుకుని, గోడకు ఒరిగి కూర్చున్నారు. మామ్మ ఒక స్టూలు తెచ్చి వైరుకు అడ్డంగా పెట్టింది. మణికట్టు ఎలా వదులుచేయాలో చూపబోతే ఆయన మోచెయ్యి గోడకు తగిలింది.

"మీరెందుకలా వంకరగా కూర్చున్నారు మాస్టారూ?"

"కింద వైరుందమ్మా. నా కాళ్లకు కుదురు లేదు. నిన్న ఒకటి పాడుచేశాను" అన్నారాయన.

తూనీగ ఇప్పుడే చెప్పేయాలనుకుంది. కానీ పాఠం నడుస్తోంది. బోసినవ్వు కష్టమైన చోటికి వచ్చింది. ఒకసారి బిగుసుకుంది. మళ్లీ వాయించింది. మళ్లీ బిగుసుకుంది. "చేతిని కాదు, ఊపిరిని వదులు" అన్నారు మాస్టారు. ఈసారి కమాను జారుతూ వెళ్లి, తిరిగి వచ్చింది. ఆ పిల్ల ఊడిన పళ్ల ఖాళీ కనిపించేలా నవ్వింది.

పాఠం అయ్యాక మాస్టారు తూనీగ రెండు చేతులూ పట్టుకున్నారు. "నా వల్ల నీకు సెలవు రోజంతా పాట్లు తల్లీ" అన్నారు.

మామ్మ అందుకుంది. "ఇక ఈయన్ని చీపురుతో ఆ చుట్టుపక్కలకు రానిస్తే ఒట్టు. దుమ్ము ఉంటే ఉండనీ."

తూనీగ తల ఊపింది. చెప్పవలసిన మాట నోట్లోనే పెట్టుకుని మెట్లు దిగింది. ఆ పూట భోజనం దగ్గర కూడా దాన్ని నమలలేక, మింగలేక కూర్చుంది. అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. వేడి లేదు.

మర్నాడు పొద్దున తూనీగ మెట్టు మీద కూర్చుని ఫ్యానుకు బ్రష్షు కొడుతోంది. అదే ఫ్యాను. నిన్న సగంలో వదిలేసింది. నాన్న వచ్చేశాడు. ఆయన చేతిలో చుట్ట చుట్టిన పాత వైరు ఉంది.

మాస్టారు మెట్ల దగ్గర ఎదురై దాన్ని ఇచ్చారట. తన కాలు తగిలి పాడైంది, పారేయమన్నారట. తూనీగను తెగ మెచ్చుకున్నారట.

ఏ వస్తువునైనా చూడకుండా పారేయడం నాన్నకు చేతకాదు. గుమ్మంలోనే చతికిలబడి, సంచిలోంచి వైర్లు పరీక్షించే చిన్న డబ్బా తీశాడు. పాత వైరు రెండు కొసలూ దానికి గుచ్చాడు. డబ్బా మీద వరసగా ఉన్న దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి. ఒక్కటీ తప్పలేదు. అన్నీ పచ్చవే.

"ఈ వైరు నిక్షేపంలా ఉందే" అన్నాడు నాన్న తనలో తను అనుకున్నట్టు. "మరి ఆయన పాడైందని ఎందుకనుకున్నారో."

మళ్లీ మీట నొక్కాడు. పచ్చ దీపాలు మళ్లీ మొదటి నుంచి చివరిదాకా పరుగెత్తాయి. నాన్న తల ఎత్తి కూతురి వైపు చూశాడు. 

తూనీగ ఫ్యానును మెట్టు మీద బోర్లించింది. లేచి నాన్న దగ్గరకు వచ్చి, వైరు కొసలు రెండూ డబ్బాలోంచి మెల్లగా ఊడదీసింది. వైరును జాగ్రత్తగా చుట్టి భుజానికి తగిలించుకుంది. రెండో చేతిలో బ్రష్షు అలాగే ఉంది. పైన వైరు సంగతి చెప్పేయాలి, తాతయ్యను ఊడ్చనివ్వని ఆ బల్ల కింద దుమ్మూ తనే దులపాలి.

"పాలు చల్లారిపోతున్నాయే, తాగి వెళ్లు" అని లోపల్నుంచి అమ్మ పిలిచింది.

తూనీగ మెట్ల వైపు నడిచింది. అమ్మ మిషను ఆపి వింది. అడుగుల చప్పుడు వీధిలోకి పోలేదు. ఒక్కో మెట్టే ఎక్కుతూ పైకి వెళ్లింది.